తిరుగు సరుకు

నౌకా శాఖ కార్యాలయం,
నాలుగో అంతస్తు,
ఫిబ్రవరి 9

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఫోను చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, మళ్ళీ "ఊఁ" అంటావు, వదినని అడిగానని చెప్పమని పెట్టేస్తావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి ఊఁ కొట్టడం కుదరదు, కూర్చుని జవాబు రాయాలి.

మంచి కబురు ఒకటి. చిన్న ఓడల సాయం పథకం మొన్న పాసయింది. మూడేళ్ళుగా నేను చంకన పెట్టుకుని తిరిగిన ఫైలు. పెద్ద కంపెనీలు నష్టానికైనా ఛార్జీలు తగ్గిస్తాయి, నీలాంటి ఒంటి ఓడ వాళ్ళు మూతబడగానే మళ్ళీ పెంచేస్తాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇకనుంచి తీరం వెంబడీ, దీవులకీ నడిచే చిన్న ఓడలకి ప్రతి రానూపోనూ ప్రయాణానికీ ప్రభుత్వం సాయం ఇస్తుంది. పోటీలో వాటి నెత్తి నీళ్ళ మీద ఉంటే చాలు, ఈదడం అవే నేర్చుకుంటాయని నా వాదన.

ఆర్థిక శాఖ వాళ్ళు ఒప్పుకుంటేనా. చిన్న ఓడలంటే సోమరి ఓడలనీ, సాయం చేస్తే ఖాళీగా పోయి ఖాళీగా వస్తాయనీ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే కాగితం లాక్కుని ఒక నిబంధన రాసిచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు ఓడలో కనీసం పావు వంతు సరుకు ఉండాలి, లేకపోతే సాయం లేదు. దాంతో వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

నువ్వు దరఖాస్తు పెట్టు. అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు నా చెల్లెలివని డైరెక్టరుగారికి ముందే రాసిచ్చాను కాబట్టి నీ ఫైలు నా బల్ల మీదకి రాదు, పక్క సెక్షను వాళ్ళు చూస్తారు.

బావగారు పోయి ఐదు నెలలు దాటింది. ఏం రాయాలో తెలియడం లేదు. తింటున్నావా? ఓడ అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యమని వదిన అంటోంది. నేను అనను. అంటే దానికీ ఊఁ అంటావని నా భయం.

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
ఫిబ్రవరి 20

అన్నయ్యకు నమస్కారాలు.

తింటున్నాను. దరఖాస్తు పెట్టాను.

ఈ గదిలో ఆయన బల్ల, ఆయన కుర్చీ ఉన్నాయి. కుర్చీ నాకు ఎత్తు, కాళ్ళు నేలకి అందవు. మార్చలేదు. మంగళవారం పొద్దున్న ఓడ దీవికి పోతుంది, గురువారం మధ్యాహ్నం తిరిగి వస్తుంది. సరంగు ఓడ నడుపుతాడు, నేను సరుకు జాబితా రాస్తాను. సిమెంటు, పిండి బస్తాలు, గ్యాస్ బండలు, మందుల పెట్టెలు. ఆయన రాసిన వరసలోనే రాస్తాను. మిగతా రోజుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

ఒక సంగతి అడగాలి. తిరిగి వచ్చేటప్పుడు మాకు వచ్చేవి ఖాళీ గ్యాస్ బండలు, ఖాళీ డ్రమ్ములు, ఆస్పత్రికి పోయే నలుగురైదుగురు మనుషులు. దీవిలో ఆస్పత్రి లేదు. అక్కడి బడి టీచరమ్మ ఒకావిడ ప్రతి గురువారం వస్తుంది. శుక్రవారం మందు ఎక్కించుకుని, చుట్టాలింట్లో పడుకుని, మంగళవారం మా ఓడలోనే వెళుతుంది. వీళ్ళూ ఈ బండలూ కలిపితే పావు వంతు సరుకు కింద వస్తుందా? పక్క సెక్షను వాళ్ళని అడగొచ్చు. నువ్వైతే తిట్టినా అర్థమయ్యేట్టు చెబుతావు.

చెల్లి

*

నౌకా శాఖ కార్యాలయం,
మార్చి 2

చిరంజీవి చెల్లాయికి,

తిట్టను కానీ, రాదు. మనుషులు సరుకు కారు. ఖాళీ పాత్రలూ సరుకు కావు. ఈ రెండు వాక్యాలూ నేనే రాశాను. పెద్ద కంపెనీ వాళ్ళు ఎవరినో పెట్టి ఖాళీ కంటైనర్లు అటూ ఇటూ తిప్పించి, సాయమంతా గుటుక్కున మింగేస్తారని ముందుచూపుతో రాశాను. నా చెల్లెలి కోసం అందులో ఒక్క చుక్క కూడా మార్చను, నన్ను అడక్కు.

దీవి అన్నాక ఏదో ఒకటి ఉండి చస్తుంది కదా, కాస్త బుర్ర పెట్టు. ఉప్పు? ఎండు చేపలు? నేను మీ పెళ్ళైన కొత్తలో బావగారితో ఒకసారి వెళ్ళాను, అప్పుడు నాకు కనబడింది గులకరాళ్ళే. చెప్పులు తెగి, ఒంటికాలి మీద ఓడెక్కాను. పోనీ ఆ రాళ్ళే సంచులకెత్తి తీసుకురా. దేశంలో రాళ్ళకి కరువొచ్చింది కాబోలు, ఎగబడి కొంటారు.

వదిన ఇది చదివి, మొగుడు పోయిన ఆడపిల్లతో ఇవేం వేళాకోళాలని నన్ను చీవాట్లు పెట్టింది. నవ్వుతావేమోనని రాశాను. నవ్వావా?

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
ఏప్రిల్ 14

అన్నయ్యకు నమస్కారాలు.

తిరుగు సరుకు దొరికింది. గులకరాళ్ళు. రెండు వందల యాభై సంచులు, ఒక్కోటి యాభై కిలోలు. మా ఓడకి సరిగ్గా పావు వంతు. సాయం మంజూరైంది.

నీలం ఓడల కంపెనీ వాళ్ళు రోడ్డవతల పక్కన పెద్ద ఆఫీసు పెట్టి, ఏడాదిగా అద్దె పడవల మీద మన సరుకంతా లాక్కుంటున్నారని నీకు తెలుసు. ఇప్పుడు వాళ్ళ ఛార్జీకే మేమూ తీసుకెళుతున్నాం. సిమెంటు వాళ్ళు తిరిగి మా దగ్గరికే వచ్చారు. కళాసీలు ఓడకి రంగు వేస్తామన్నారు. ఏ రంగు వెయ్యమంటారని అడిగితే, ఉన్నదే వెయ్యమన్నాను. సరంగుతో కలిపి తొమ్మిది మంది, ఒక్కరూ మానలేదు. టీచరమ్మ వస్తూనే ఉంది. జుట్టు రాలిపోయిందని తలకి గుడ్డ కట్టుకుంటోంది.

రంగు వేసిన ఓడ బాగుంది, అందరూ అన్నారు. సంతోషం అనిపించాలని కాసేపు దాని ఎదురుగా కూర్చున్నాను. అనిపించలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తారు కదా, చెంప మీద చెయ్యి పెడితే చెయ్యి పెట్టామని తెలుస్తుంది, అంతకంటే ఏమీ తెలియదు. నాకు మొత్తం అలా ఉంది. వదినకి చెప్పకు, బెంగపడుతుంది.

నవ్వావా అని అడిగావు. ఏది చదివి నవ్వాలో తెలియలేదు.

చెల్లి

*

నౌకా శాఖ కార్యాలయం,
ఆగస్టు 6

చిరంజీవి చెల్లాయికి,

నిన్న మా మీటింగు హాల్లో గోడకి గ్రాఫు తగిలించారు. దీవుల నుంచి వచ్చే తిరుగు సరుకు. ఐదు నెలల కిందట సున్నా, ఇప్పుడు రెండు వందల యాభై టన్నులు. గోడకి నిచ్చెన వేసినట్టు గీత పైకి పోయింది. ఆ గీత మొత్తం నీదే, మిగతా చిన్న ఓడలన్నీ కలిసినా దానికి ఆనవు. డైరెక్టరుగారు స్కేలుతో దాన్ని తట్టి, చేతకాని ఓడలన్నారు కదా అని ఆర్థిక శాఖ వాళ్ళకేసి చూశారు. వాళ్ళు బిస్కెట్లు తింటూ కూర్చున్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

నేను తమాషాకి అన్న మాటని నువ్వు నిజంగా వ్యాపారం చేసి పెట్టావు. ఎవరు కొంటున్నారని మీటింగులో అడిగారు. నాకేం తెలుసు? తోటల్లో దారులకీ, నీళ్ళు వడగట్టే ట్యాంకులకీ అని చెప్పేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ, వాళ్ళు రాసేసుకున్నారు. అసలు ఎవరు కొంటున్నారో రాయి, నా పరువు నిలబెట్టు.

దీవిలో ప్రత్యేకంగా రాళ్ళ రేవు ఒకటి కట్టి, సంచులు ఎక్కించే బెల్టు పెట్టాలని నోటు పంపాను. సంవత్సర నివేదికలో నీ ఓడ ఫోటో వేస్తారు. "మీ చెల్లెలు రాళ్ళమ్ముకుని బతకగలదు. మీరు ఫైళ్ళమ్ముకున్నా బతకలేరు" అని వదిన తీర్పు.

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
ఆగస్టు 19

అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ వానలు. గోదాము కప్పు ఒక మూల కారుతోంది, బకెట్టు పెట్టాను. ఇంజను కూడా దగ్గుతోంది. సరంగు రెండు రోజులు దాని కిందే పడుకుని బాగుచేశాడు.

రాళ్ళు ఎవరు కొంటున్నారని అడిగావు. గురువారం దిగుతాయి, మంగళవారం సాయంత్రానికి ఒక్క సంచి కూడా ఇక్కడ ఉండదు. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మా ఓడ ఫోటో వెయ్యొద్దని చెప్పు. గ్రాఫు కూడా తీసెయ్యమను. రాళ్ళ రేవు వద్దు అన్నయ్యా, ఆ నోటు వెనక్కి తీసుకో. దీవి వాళ్ళకి దానికంటే ముందు మందుల కొట్టు కావాలి. నీకు కోపం వస్తుందని తెలుసు.

టీచరమ్మకి మొదటి విడత మందు పనిచెయ్యలేదట, రెండోది మొదలుపెట్టారు. గాలి తగిలితే వాంతులు తగ్గుతాయని సరంగు ఆవిడకి ఓడ వెనకవైపు బల్ల వేయించాడు.

చెల్లి

*

నౌకా శాఖ కార్యాలయం,
అక్టోబరు 11

చిరంజీవి చెల్లాయికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. సూటిగా రాసేస్తాను. ఆరు నెలలు ఆగకుండా రెండు వైపులా సరుకు నడిపిన ఓడ తన కాళ్ళ మీద తాను నిలబడ్డట్టే లెక్క అని మా కమిటీ తేల్చింది. అలాంటి ఓడకి ఇక సాయం అక్కర్లేదు, ఆ డబ్బుని బలహీనంగా ఉన్న దారులకి మళ్ళించాలట. జాబితాలో మొదటిది నీ ఓడ. డిసెంబరు ఆఖరుతో సరి. నేనూ సంతకం పెట్టాను. పెట్టకపోతే చెల్లెలి కోసం వెనకాడాడంటారు.

ఇంకొకటి కూడా ఉంది. గ్రాఫు చూసి నీలం కంపెనీ వాళ్ళు ఆ దీవికి పెద్ద ఓడ వేస్తామని అర్జీ పెట్టారు. ముందు రెండు ప్రయాణాలు చేసి చూసుకోమని అనుమతి ఇచ్చారు. నీకు రాళ్ళ వ్యాపారం ఉంది కాబట్టి తట్టుకుంటావని అందరూ అన్నారు. నేనూ అన్నాను. నీ ఆగస్టు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అందులో నా ప్రశ్నకి జవాబు లేదు. తట్టుకుంటావు కదా?

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
అక్టోబరు 24

అన్నయ్యకు,

రాళ్ళ వ్యాపారం లేదు. ఎవరూ ఏమీ కొనలేదు.

ఆ రెండు వందల యాభై సంచులూ మొదటినుంచీ అవే. మార్చిలో కళాసీలు దీవి ఒడ్డున ఒక్కసారి నింపారు. గురువారం ఇక్కడ దిగుతాయి. జెట్టీ గుమాస్తా ఒక్కొక్కటీ లెక్కపెట్టి సంతకం పెడతాడు. అతను అబద్ధమాడలేదు, ప్రతి వారం రెండు వందల యాభై సంచులు అతని కళ్ళ ముందు నిజంగానే దిగాయి. గోదాము వెనక పేరుస్తాం. మంగళవారం, అతను డ్యూటీకి రాకముందే, మళ్ళీ ఓడలోకి ఎక్కిస్తాం. పోయేటప్పుడు జాబితాలో ఓడ నిలకడకి వేసిన అడుగు బరువు అని రాస్తాను. అడుగు బరువుని ఎవరూ లెక్కపెట్టరు. దీవిలో వాటిని దింపం. తిరిగి వచ్చేటప్పుడు అవే సంచుల్ని గులకరాళ్ళు అని రాస్తాను. చిరిగితే కుట్టిస్తాను. ఇంకో ఏడాది తిరిగితే ఈ సంచులకి కూడా సరంగు లైసెన్సు ఇవ్వొచ్చమ్మా అని సరంగు ఒకసారి అన్నాడు.

సంచులకెత్తి తీసుకురమ్మని నువ్వే రాశావు. తమాషాకని ఇప్పుడు చదివితే తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. ఆ రోజుల్లో ఎవరేం చెబితే అది చేసేదాన్ని. డాక్టరు రోజూ జెట్టీ చివరిదాకా నడవమంటే నడిచాను. పక్కింటావిడ జుట్టు కత్తిరించుకోమంటే కత్తిరించుకున్నాను. నువ్వు రాళ్ళన్నావు, తెప్పించాను. కొనేవాళ్ళు ఉండాలి కదా అని రెండో వారంలో గుర్తొచ్చింది. అప్పటికి సంచులు ఉన్నాయి, ఓడ నడుస్తోంది. నడవనిచ్చాను. రెండో వారం నుంచి తప్పంతా నాది, నీ మీద పెట్టడం లేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నీలం కంపెనీ ఓడ పోయిన వారం మొదటిసారి దీవికి వెళ్ళింది. మా ఓడకంటే ఒక రోజు ముందు తిరిగొస్తుందని టీచరమ్మ అందులో ఎక్కబోయింది. నిచ్చెన మీంచే దింపేశారు. నేను వాళ్ళ ఏజెంటుని కలిశాను. మర్యాదగానే మాట్లాడాడు. మనుషుల్ని ఎక్కించుకోరట, గ్యాస్ బండలూ వెయ్యరట, పెట్టెలు మాత్రమేనట. సాయం ఆగితే వాళ్ళ ఛార్జీకి మేము సరుకు తేలేం. జనవరిలో ఓడ నిలిచిపోతుంది. కళాసీలు ఎక్కడో ఒకచోట పని చూసుకుంటారు. ఆవిడ ఇంకో ఇరవై వారాలు శుక్రవారం మందుకి రావాలి. రాకపోతే ఏమవుతుందో డాక్టరు ఆవిడకి చెప్పాడు, ఆవిడ నాకు చెప్పింది.

ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. ఈసారి తమాషాకి చెప్పకు.

చెల్లి

*

ఇంటి నుంచి,
నవంబరు 3

చెల్లాయీ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. లేచి బాత్రూముకి వెళ్ళి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కోకుండా నిలబడ్డాను. నీ మీద కోపం వచ్చింది. నన్ను ఒక్క మాట అడగొద్దా అనుకున్నాను. మధ్యాహ్నం గ్రాఫు ఉన్న గోడ కింద కూర్చుని ఇంకో ఫైలు చూడాల్సి వచ్చింది, అప్పటికి ఆ కోపం ఎటు పోయిందో పోయింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నవాణ్ణి నేను. తోటలకీ ట్యాంకులకీ అని సొంత బుర్రలోంచి చెప్పినవాణ్ణి నేను. ఈ పథకం రాసిన మూడేళ్ళలో ఒక్క గురువారం మీ జెట్టీ మీద నిలబడి ఓడలోంచి ఏం దిగుతోందో చూసిన పాపాన పోలేదు. మనుషులు సరుకు కారు అని రాసేటప్పుడు చాలా తెలివిగా రాశాననుకున్నాను.

రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే నీకూ నాకూ ఏమీ కాదు, సంచులు సముద్రంలో పడేస్తే అయిపోతుంది, ఓడ జనవరిలో ఆగుతుంది. నిజం చెబితే ఆ దారిని మళ్ళీ పరిశీలించక తప్పదు, నీలం కంపెనీ అనుమతి అప్పటిదాకా ఆగుతుంది. కానీ తప్పుడు జాబితా ఇచ్చిన యజమానికి ఇక జన్మలో సాయం ఉండదు, తీసుకున్నది తిరిగి కట్టాలి. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. వదినకి చెప్పాను. "ఆ టీచరమ్మని ఓడెక్కనివ్వని ఉద్యోగం మీకెందుకు" అంది, అని లోపలికి వెళ్ళి ఏడ్చింది.

నీ ఉత్తరం డైరెక్టరుగారికి చూపించనా? నువ్వు సరే అంటేనే.

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
నవంబరు 9

అన్నయ్యకు,

చూపించు. మొత్తం చూపించు. నా మాటలు దిద్దకు.

మొన్న మంగళవారం ఓడ సంచులు లేకుండా వెళ్ళింది.

చెల్లి

*

ఇంటి నుంచి,
జనవరి 17

చిరంజీవి చెల్లాయికి,

విచారణ అయిపోయింది. నన్ను సస్పెండు చేశారు. ఇంట్లో బట్టలు మడతపెట్టే పని నాకు అప్పగించారు, అందులోనూ నాకు తప్పులు రాస్తున్నారు.

డైరెక్టరుగారు నీ ఉత్తరం కమిటీ ముందు పైకి చదివారు. సంచులకి సరంగు లైసెన్సు అన్న చోట ఆర్థిక శాఖాయన నవ్వాడు. టీచరమ్మని నిచ్చెన మీంచి దింపారన్న చోట డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, "మనుషులు సరుకు కారని ఎవరు రాశారు?" అన్నారు.

"నేనే సార్" అన్నాను.

"మరి ఈ ఓడ ఆవిడ కోసం నడుస్తోందా, రాళ్ళ కోసమా?"

నా జవాబు కోసం ఆగకుండానే కాగితం తెప్పించారు. నిబంధన మార్చారు. ఆస్పత్రి లేని దీవుల దారుల్లో వైద్యానికి వచ్చే మనుషులుంటే తిరుగు ప్రయాణం చెల్లుతుంది, ఖాళీ గ్యాస్ బండలు కూడా చెల్లుతాయి. నీలం కంపెనీ మనుషుల్ని ఎక్కించుకుంటేనే అనుమతి అన్నారు, వాళ్ళు అర్జీ వెనక్కి తీసుకున్నారు. సాయం ఆ దారికి మళ్ళీ వస్తుంది. నీకు మాత్రం రాదు. ఓడ నీ పేరు మీద ఉన్నంతకాలం ఆ ఓడకీ రాదు.

సరంగూ కళాసీలూ తొమ్మిది మందీ ఒక సంఘంగా ఏర్పడి ఓడ తీసుకుంటామంటే శాఖ ఒప్పుకుంటుంది. నువ్వు తిరిగి కట్టాల్సింది వాళ్ళిచ్చే ఓడ ధరలోంచే పోతుంది, నీకు మిగిలేది తక్కువ. బావగారు కట్టించిన ఓడ అది. ఇచ్చెయ్యమని నేను చెప్పలేను. ఫిబ్రవరి మొదటి వారం దాకా గడువుంది, నువ్వే ఆలోచించుకో.

అన్నయ్య

*

జెట్టీ, గోదాము పైగది,
ఫిబ్రవరి 12

అన్నయ్యకు నమస్కారాలు.

సంతకం పెట్టాను. ఆలోచించడానికి ఎక్కువ లేదు. సంఘం తరఫున సరంగు పెట్టాలి. పెన్ను నాకే తిరిగి ఇవ్వబోయాడు. "ఇది అయ్యగారి ఓడమ్మా" అన్నాడు. తెలుసు, పెట్టమన్నాను. చివరికి పెట్టాడు.

మంగళవారం ఓడ వాళ్ళ పేరు మీద వెళ్ళింది. జాబితా వాళ్ళే రాసుకున్నారు. సిమెంటు ముందు ఉండాలి, మందులు ముందు రాశారు. టీచరమ్మ వెనక బల్ల మీద కూర్చుంది, దుప్పటి కప్పుకుంది. ఆవిడకి ఇంకా ఐదు వారాలు. నేను జెట్టీ మీద ఉన్నాను. ఓడ మలుపు తిరిగాక పైకి వచ్చాను.

రాయాల్సిన కాగితం లేదు. ఎదురు చూడాల్సిన గురువారం కూడా నాది కాదు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదన్నయ్యా, గురువారం ఓడ కట్టగానే నేను కిందికి వెళ్ళేదాన్ని. సరంగు దిగేవాడు, కళాసీలు దిగేవాళ్ళు, ఆస్పత్రి వాళ్ళు దిగేవాళ్ళు. అందరూ దిగాక కూడా నేను అక్కడే నిలబడేదాన్ని. సంచులు చూసుకోవడానికి నిలబడ్డానని వాళ్ళు అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఓడ ఆగితే గురువారాలు ఆగిపోతాయని, ఎన్ని అబద్ధాలైనా రాసి దాన్ని నడిపించాను.

ఆయన పోయారన్నయ్యా. ఏడాదిన్నర అవుతోంది. నువ్వు వచ్చావు, అన్నీ నువ్వే దగ్గరుండి చేశావు, నీకు తెలిసిన సంగతే. నాకు మొన్న మంగళవారం తెలిసింది. అప్పటినుంచి ఏడుస్తున్నాను, ఆగడం లేదు. ఈ ఉత్తరం రాస్తూ రెండుసార్లు లేచి ముఖం కడుక్కున్నాను.

నీకు ఇప్పుడు ఉద్యోగం లేదు కదా. ఒకసారి రా. వదినని కూడా తీసుకురా.

చెల్లి